8 బై 10 వంటగదిలో సామాను ఎక్కడ పెట్టాలి: కొటేషన్ మీద సంతకం చేసేముందు చూసుకోవాల్సినవి

మీరు రాసినదాన్ని నేను అర్థం చేసుకున్నది ఇదీ. కూకట్‌పల్లి వైపు పాత అపార్ట్‌మెంట్, వంటగది 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు, ఎల్ ఆకారంలో గ్రానైట్ గట్టు, గట్టు కింద కడప రాయి అరలు, పైన రెండు గోడలకీ సజ్జలు. ఇంట్లో మీరిద్దరు, ఇద్దరు పిల్లలు, మీ అత్తగారు. డిజైనర్ త్రీడీ బొమ్మ చూపించి, వరసగా వైర్ బాస్కెట్లు (తీగ బుట్టల్లాంటి డ్రాయర్లు), ఒక మ్యాజిక్ కార్నర్ (మూలలోంచి తిరిగి బయటికి వచ్చే అరలు), బాటిల్ పుల్ ఔట్ (సీసాల కోసం లాగే సన్నటి పెట్టె), రోలింగ్ షట్టర్ (పైకి చుట్టుకునే తలుపు) అన్నీ వేసి కొటేషన్ చేతిలో పెట్టాడు. ఇంత పెట్టినా సామాను పడుతుందా, ఎక్కడ తగ్గించుకోవచ్చు, ఆ పాత రాళ్లు పీకించాలా ఉంచాలా అని అడుగుతున్నారు. హైదరాబాద్‌లోనూ విజయవాడ వైపూ ఇళ్లకి వంటగదులు చేయించడమే నా పని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక్క మాట. మన వంటిళ్లలో చోటు తక్కువై ఇబ్బంది పడేవాళ్లకన్నా, ఉన్న చోటు లోతు ఎక్కువై ఇబ్బంది పడేవాళ్లే ఎక్కువ. గట్టు కింద అర లోతు 2 అడుగులు. ముందు వరసలో ఉన్నవి రోజూ వాడతాం, వెనక వరసలో ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియదు. పెసరపప్పు అయిపోయిందనుకుని ఇంకో కిలో తెప్పిస్తాం, నెల తర్వాత వెనకనుంచి పురుగు పట్టిన డబ్బా బయటపడుతుంది. ఇప్పుడు ఆ కడప రాయి అరలకి అందమైన షట్టర్లు బిగిస్తే మీకు వచ్చేది అదే గుహ, కాకపోతే తలుపు ఉన్న గుహ. అందుకని మీ కొటేషన్‌లో ప్రతి పెట్టె దగ్గరా ఒకటే అడగండి: ఇందులో అన్నిటికన్నా వెనక ఉన్న వస్తువు, ముందున్నది తీయకుండా చేతికి వస్తుందా? రాకపోతే ఆ పెట్టె సగం దండగే. గట్టు కింద లాగే డ్రాయర్లు, గట్టు పైన లోతు తక్కువ అరలు, ఎదురు గోడకి ఇంకా లోతు తక్కువ నిలువు అర. కింద రాసేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

డిజైనర్‌ని మళ్లీ పిలిచేముందు ఇంట్లో చేయాల్సిన పని ఒకటుంది. ఓ ఆదివారం వంటింట్లో సామానంతా హాల్లో నేల మీద పరచండి. చాలామంది గది కొలతలు ఇస్తారు, సామాను కొలతలు ఎవరూ ఇవ్వరు, అసలు కావాల్సింది అవే. సామాను పరిచేటప్పుడు రకాన్ని బట్టి కాకుండా ఎన్నాళ్లకోసారి తీస్తారో దాన్నిబట్టి కుప్పలు పెట్టండి. రోజూ చేతికి రావాల్సినవి ఒకచోట: పోపుల డబ్బా, గరిటెలు, అట్లకాడ, పట్టకారు, కుక్కర్, రెండు మూడు గిన్నెలు. నెల సరుకు ఇంకోచోట: పప్పులు, రవ్వ, పిండి, బెల్లం, పంచదార. ఏడాది సరుకు వేరే: ఆవకాయ, మాగాయ జాడీలు, ఎండాకాలంలో ఆడించిన కారం, చింతపండు, వడియాలు, అప్పడాలు. ఇవి కాక పండగ సామాను: పెద్ద మూకుడు, జంతికల గొట్టం, ఇత్తడి గిన్నెలు, పది మంది వస్తే తీసే గుండిగ. ఈ నాలుగు కుప్పలకీ నాలుగు వేరువేరు చోట్లు కావాలి. వాటిని కలిపేశారంటే ఎన్ని లక్షలు పోసినా వంటగది రెండు నెలల్లో మళ్లీ మామూలే.

ప్రతి కుప్పలోనూ అన్నిటికన్నా ఎత్తైన వస్తువు ఎత్తు, వెడల్పైన వస్తువు వెడల్పు టేపుతో కొలిచి రాసుకోండి. కుక్కర్‌ని విజిల్‌తో సహా కొలవాలి, పెనాన్ని కాడతో సహా. ఈ కాగితం కార్పెంటర్ చేతిలో పెడితే డ్రాయర్ల ఎత్తులు అవే తేలతాయి. లేదంటే వాళ్లు మూడు డ్రాయర్లూ సమానంగా కోస్తారు, బయటికి బొమ్మలా బాగుంటుంది, లోపల పైదాంట్లో స్పూన్ల పైన 5 అంగుళాలు ఖాళీ, కిందిదాంట్లో కుక్కర్ పట్టదు.

అప్పుడే ఇంకో గొడవ కూడా మొదలవుతుంది, ఏది ఉంచాలి ఏది తీసేయాలి అని. మూత లేని ప్లాస్టిక్ డబ్బాలు, డబ్బా లేని మూతలు నిర్దాక్షిణ్యంగా పంపించేయండి. మీ అత్తగారి ఇత్తడి సామాను జోలికి మాత్రం వెళ్లకండి. సజ్జ మీద ఒక గడి ఆవిడకి రాసిచ్చేయండి, అందులో ఏం పెడతారో ఆవిడ ఇష్టం. ఇది సరదాకి చెప్పడం లేదు, ఇలా ముందే తేల్చుకోని ఇళ్లలో కొత్త డ్రాయర్లలోకి పాత బిందెలు వచ్చి చేరడం చూస్తూనే ఉన్నాను.

ఇక గట్టు ఎత్తు. నిలబడి మోచెయ్యి మడిస్తే మోచేతి ఎత్తుకి 4 నుంచి 6 అంగుళాలు కిందగా గట్టు ఉండాలి. 5 అడుగుల 2 అంగుళాల మనిషికి 33, 34 అంగుళాలు సరిపోతుంది. ఇంట్లో ఎక్కువ వంట చేసేది ఎవరో వాళ్లని బట్టే పెట్టండి, మగవాళ్లు వచ్చి కొలత ఇచ్చేసి వెళ్లిపోకూడదు. పొయ్యి గట్టు మీద పెట్టే రకమైతే గిన్నె ఇంకో 5, 6 అంగుళాలు పైకి వెళుతుంది, దాన్నీ లెక్కలోకి తీసుకోండి.

34 అంగుళాల గట్టులో గ్రానైట్‌కీ దాని కింద పలకకీ కలిపి ఒకటిన్నర పోతుంది, కింద స్కర్టింగ్‌కి, అంటే నేలకి ఆనే పట్టీకి, 4 పోతుంది. మిగిలేది 28న్నర. దీన్ని పైనుంచి 6, 9, 13 గా కోయించండి, మిగిలిన కాస్తా సందులకి. ముందు పలక ఎత్తు కన్నా లోపల వాడుకునే ఎత్తు ఒకటిన్నర నుంచి 2 అంగుళాలు తక్కువ ఉంటుందని మర్చిపోవద్దు. పైదాంట్లో గరిటెలూ పోపుల డబ్బా, మధ్యదాంట్లో కిలో డబ్బాలు, కిందిదాంట్లో కుక్కర్లూ ఒకదాంట్లో ఒకటి దూరే గిన్నెలూ. పొయ్యికి కుడిపక్కనో ఎడమపక్కనో, మీ చేతివాటం ఎటైతే అటు, ఇలాంటి మూడు డ్రాయర్ల పెట్టె ఒకటి 3 అడుగుల వెడల్పుతో చేయించుకుంటే సగం వంట అక్కడ నిలబడే అయిపోతుంది. ఒకటిన్నర అడుగుల పెట్టెలు రెండు కన్నా 3 అడుగులది ఒకటి మంచిది, ఎందుకంటే ప్రతి పెట్టెకీ పక్క పలకలకీ చానెల్స్‌కీ (డ్రాయర్ జారే లోహపు పట్టాలకీ) కలిపి మూడున్నర అంగుళాల దాకా వెడల్పు పోతుంది, రెండు పెట్టెలంటే పోయేది కూడా రెండింతలు.

మధ్య డ్రాయర్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, మీకు రోజూ అనుభవంలోకి వచ్చేది అదే. డ్రాయర్‌లో పెట్టిన డబ్బాని మీరు పక్కనుంచి చూడరు, పైనుంచి చూస్తారు. అంటే పేరు మూత మీద రాసుండాలి. స్టీలు డబ్బాలైతే మూత మీద చిన్న కాగితం అంటించి దాని మీద టేపు వేస్తే చాలు, కందిపప్పు, మినప్పప్పు, శనగపప్పు, ఇడ్లీ రవ్వ. డబ్బాలన్నీ ఒకే ఎత్తువి తీసుకోండి, కొత్తవి కొనాల్సింది ఏదైనా ఉందంటే ఇవే. గుండ్రటి డబ్బాల మధ్య చోటు కొంత వృథా అవుతుంది నిజమే, అయినా ఇంట్లో ఉన్నవి గుండ్రటివే అయితే వాటికోసం చదరపు ప్లాస్టిక్ డబ్బాల సెట్టు కొనక్కర్లేదు. డ్రాయర్ తీసి వేసేటప్పుడు డబ్బాలు ఢీకొని దొర్లకుండా అడుగున రబ్బరు మ్యాట్ పరచండి. కిలో పప్పు పోసిన స్టీలు డబ్బా కిలోంపావు దాకా తూగుతుంది, పన్నెండు పెడితే 15 కిలోలు. మామూలు 30 కిలోల చానెల్ దీన్ని హాయిగా మోస్తుంది. కింది డ్రాయర్ అలా కాదు. ఇనప మూకుడు, అట్ల పెనం, రెండు కుక్కర్లు, స్టీలు గిన్నెలు చేరాయంటే 30 కిలోలకి దగ్గరకి వచ్చేస్తుంది, అక్కడ 50 కిలోలో 65 కిలోలో మోసే రకం వేయించండి. హెట్టిక్, ఎబ్కో, హాఫెలె, బ్లమ్, ఏదైనా పర్లేదు, ఎన్ని కిలోల చానెల్ అన్నది కొటేషన్‌లో రాసి ఉండాలి. సాఫ్ట్ క్లోజ్ (చప్పుడు లేకుండా మెల్లగా మూసుకునేది) అని ఒక్క మాట రాసి వదిలేస్తే ఏది వేసినా అడగలేరు.

వైర్ బాస్కెట్లు అన్నేసి వద్దు. కంచాలు నిలబెట్టే బాస్కెట్ ఒకటి పనికొస్తుంది, అంతే. మిగతావాటిల్లో చిన్న డబ్బాలు తీగల మధ్య ఒరిగిపోతాయి, నూనె కారితే పై బాస్కెట్‌ది కింది బాస్కెట్‌లోకి, అక్కడ్నించి అడుగు పలక మీదకి. తడి గిన్నెలు పెడితే ఆ నీళ్లూ అంతే. అడుగు మూసి ఉన్న పెట్టె డ్రాయర్ అయితే తుడిస్తే పోతుంది. బాస్కెట్ వేయించే ఆ ఒక్కటీ ఎస్‌ఎస్ 304 (మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీలు) అని రాయించుకోండి. అయస్కాంతం అంటకపోతే 304 అని షాపులో చూపిస్తారు, నమ్మకండి, 202 అనే చవక రకానికి కూడా అయస్కాంతం సరిగా అంటదు, మన ఉప్పూ చింతపండూ తగిలే చోట 202 త్వరగా తుప్పు పడుతుంది. బిల్లు మీద గ్రేడు ఉంటేనే దానికి విలువ.

బాటిల్ పుల్ ఔట్ తీసేయించండి. 8 అంగుళాల పెట్టెలో వాడుకోడానికి మిగిలేది 5 అంగుళాలు. మనం కొనేది 5 లీటర్ల నూనె డబ్బా, అది అందులో దూరదు. చిన్న సీసాలు పెడితే లాగినప్పుడల్లా ఊగుతాయి. ఆ 8 అంగుళాలు పక్క డ్రాయర్‌కి కలిపేయండి. నూనె డబ్బా సింకు వైపు కాకుండా కింది డ్రాయర్‌లో ఓ మూల, కింద ఒక స్టీలు పళ్లెం పెట్టి, రోజువారీ నూనె గిన్నె మాత్రం పొయ్యి పక్కన. అయితే ఆ డ్రాయర్ పెట్టెలో ఒక పక్కన 4 అంగుళాల నిలువు సందు వదలమనండి, కత్తిపీట కోసం. ఏ త్రీడీ బొమ్మలోనూ కత్తిపీట ఉండదు, మన ఇళ్లలో మాత్రం ఉంటుంది, అది ఫ్రిజ్ వెనకో తలుపు చాటునో చేరి పిల్లల కాళ్లకి తగులుతుంది. పీటతో సహా పొడవు కొలిచి, అంచు లోపలి గోడవైపు ఉండేలా, ముందు చిన్న షట్టర్‌తో ఆ సందు చేయించండి. అప్పడాల పీట, పెద్ద పళ్లేలు కూడా దాని పక్కనే నిలబడతాయి.

మూల గురించి. ఎల్ గట్టు మూల దగ్గర 2 బై 2 అడుగుల చోటు లోపలికి పోతుంది, అది వదిలేస్తే ఏదో పోగొట్టుకున్నట్టు అందరికీ బాధ. ఆ బాధ మీదే మ్యాజిక్ కార్నర్‌లు అమ్ముడుపోతాయి. దాని ఖర్చుతో మంచి డ్రాయర్లు రెండు మూడు వస్తాయి, పైగా అందులో పెట్టే బరువుకి కొన్నాళ్లకి సరిగా తిరగదు. మీ గదిలో నేనైతే ఆ మూలకి మడత షట్టర్ వేసి, లోపల మామూలు అర ఒకటి పెట్టి, ఇడ్లీ పాత్ర, పెద్ద గిన్నెలు లాంటివి, అంటే చీకట్లో కూడా చేతికి దొరికే పెద్ద వస్తువులు, మాత్రమే పెడతాను. లేదా పూర్తిగా మూసేస్తాను. ఏది చేసినా మూలకి రెండు వైపులా 2 అంగుళాల ఫిల్లర్ పట్టీ (సందు మూసే సన్నటి చెక్క) అడగండి, లేకపోతే ఈ గోడ డ్రాయర్ లాగితే ఆ గోడ డ్రాయర్ హ్యాండిల్‌కి కొట్టుకుని సగమే తెరుచుకుంటుంది. గీసేవాళ్లు ఇది మర్చిపోతారు, బిగించేటప్పుడు గుర్తొస్తుంది, అప్పుడు హ్యాండిల్స్ మార్చమంటారు.

పొయ్యి ఆగ్నేయంలో, తూర్పు ముఖంగా నిలబడేలా ఉండాలని మీ అత్తగారి పట్టు అన్నారు కదా, అది ముందే ఖాయం చేసేసి మిగతాది దాని చుట్టూ గీయించండి. నాకు వాస్తు మీద పెద్ద అభిప్రాయమేమీ లేదు, కానీ పని సగంలో పొయ్యి జరపడమంటే డ్రాయర్లు, చిమ్నీ గొట్టం, కరెంటు పాయింట్లు అన్నీ కదలడమే. గట్టులోకి దిగే హాబ్ పెట్టాలనుకుంటే దాని కింద 4, 5 అంగుళాలు ఒళ్లు దిగుతుంది, అక్కడ పై డ్రాయర్ రాదు. గట్టు మీద పెట్టే పొయ్యి అయితే ఆ తలనొప్పి లేదు, తుడుచుకోవడమూ తేలిక. చిమ్నీ గొట్టం 6 అంగుళాలది పై అరల్లోంచి వెళుతుంది, అది ఎటు వెళుతుందో బొమ్మలో గీయమనండి, లేకపోతే మీరు లెక్కేసుకున్న పై అర ఒకటి గొట్టానికే పోతుంది.

సిలిండర్ లోపలే ఉంటుందని రాశారు. 14.2 కిలోల సిలిండర్ సుమారు 25 అంగుళాల ఎత్తు, 13 అంగుళాల వెడల్పు, గ్యాస్‌తో కలిపి 30 కిలోల దాకా బరువు. రెగ్యులేటర్‌తో కలిపితే పెట్టెలో అడుగు పలక వేస్తే పట్టదు, కాబట్టి ఆ పెట్టెకి అడుగు లేకుండా నేల మీదే చక్రాల స్టాండ్ మీద నిలబడేలా చేయించండి. షట్టర్‌కి కింద భాగంలో గాలి ఆడే జాలీ తప్పనిసరి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే నేల మీదకి దిగి అక్కడే నిలుస్తుంది, పైన మాత్రమే రంధ్రాలు పెడితే ఉపయోగం లేదు. పైపు గ్యాస్ వచ్చిన ఇళ్లలో దీనికి వ్యతిరేకం, అది గాలికన్నా తేలిక, పైకి పోతుంది, పైన జాలీ కావాలి. రబ్బరు గొట్టం పలకలోంచి వెళ్లే చోట రంధ్రం పెద్దదిగా ఉండాలి, గొట్టం మొత్తం చేత్తో తడిమి చూసుకునేలా ఉండాలి. ఐదేళ్లకోసారి మార్చాల్సిన వస్తువు పెట్టె వెనక బిగించేస్తే ఎవరు మారుస్తారు? నిజానికి మీకు యుటిలిటీ బాల్కనీ ఉంది కాబట్టి, సిలిండర్‌ని ఎండా వానా తగలని మూలలో అక్కడికి పంపి రాగి గొట్టంతో లైను లాగించడం ఇంకా మేలు, లోపల ఒకటిన్నర అడుగుల పెట్టె మిగులుతుంది. ఆ పని గ్యాస్ ఏజెన్సీ మెకానిక్‌తోనే చేయించండి.

సింకు కింద సరుకు ఏదీ వద్దు. చెత్తబుట్ట, గిన్నెలు తోమే సబ్బు, అంతే. ఆర్‌వో మిషన్ కిందకి పెడితే నీళ్లు కారడం ఎప్పటికో గానీ కనపడదు, గోడకి పైన ఉంటే వెంటనే తెలుస్తుంది. ముందు ముందు డిష్‌వాషర్ ఆలోచన ఉంటే సింకు పక్కనే 24 అంగుళాలు వదిలి, అక్కడికి నీళ్ల పాయింటూ ప్లగ్గూ ఇప్పుడే వేయించండి, ఈలోగా ఆ చోట్లో మామూలు పెట్టె పెట్టుకోవచ్చు.

ఇప్పుడు మీ డిజైనర్ అసలు ముట్టుకోని గోడ. గట్టు ఎల్ ఆకారంలో రెండు గోడలకి ఉంది, పొడవు గట్టుకి ఎదురు గోడ ఖాళీగా ఉందని ఫోటోలో కనిపిస్తోంది, క్యాలెండర్ వేలాడుతోంది. గది వెడల్పు 8 అడుగుల్లో గట్టుకి 2 పోతే 6 మిగిలింది. ఆ గోడకి 10 అంగుళాల లోతుతో నేల నుంచి 7 అడుగుల దాకా నిలువు అర వేసినా నడవడానికి 5 అడుగులు ఉంటుంది, ఇద్దరు ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు తగలకుండా పనిచేసుకోవచ్చు. 2 అడుగుల లోతు ఉన్న టాల్ యూనిట్ పుల్ ఔట్ (అరలన్నీ బయటికి లాగే ఎత్తు బీరువా) కన్నా ఇది ఎన్నో రెట్లు చవక, దానికన్నా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే 10 అంగుళాల్లో డబ్బాలు ఒకటి, మహా అయితే రెండు వరసలే పడతాయి, తలుపు తీయగానే నెల సరుకంతా కళ్ల ముందుంటుంది. సరుకుల లిస్టు రాసుకోవడం కూడా అక్కడే నిలబడి అయిపోతుంది. అరల మధ్య ఎత్తు మార్చుకునేలా రంధ్రాలు పెట్టించండి. ఒక్కో అర పలక పొడవు రెండున్నర అడుగులు దాటనివ్వకండి, దాటితే 18 ఎంఎం ప్లై కూడా పప్పుల బరువుకి మధ్యలో కుంగుతుంది.

ఇదే నిలువు అరలో అన్నిటికన్నా కింది భాగంలో ఆవకాయ జాడీలు. జాడీలు సజ్జ మీద పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, అది నాకు భయం. నిండు జాడీని తల మీదుగా స్టూలు ఎక్కి దింపడం ఎవరికైనా ప్రమాదమే, మీ అత్తగారి వయసులో అసలే వద్దు. పచ్చడికి కావాల్సింది చీకటి, పొడి, వేడి తగలని చోటు. పొయ్యి పక్కన వద్దు, సింకు పక్కన వద్దు, ఎదురు గోడకి అన్నిటికన్నా కింది అర దానికి సరిగ్గా సరిపోతుంది. మీ పెద్ద జాడీ నడుము చుట్టుకొలత కాదు, అడ్డం కొలవండి, 10 అంగుళాలు దాటితే ఆ ఒక్క అర 14 అంగుళాల లోతు చేసి పై అరల్ని 10 లో ఉంచవచ్చు. పై భాగం ఒక మెట్టులా లోపలికి ఉంటుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది.

బియ్యం కూడా ఇక్కడే. 2022 జులైలో 25 కిలోలు, అంతకు తక్కువ ప్యాకింగ్ బియ్యం మీద జీఎస్టీ వచ్చాక మిల్లులు 26 కిలోల బస్తాలకి మారాయి. మీరు 25 కిలోల రైస్ బాక్స్ కొంటే ప్రతి నెలా ఒక కిలో బియ్యం ఏదో గిన్నెలో పోసి ఎక్కడో పెడతారు, ఆ గిన్నె ఎక్కడుందో మర్చిపోతారు. 35 లీటర్ల స్టీలు డ్రమ్ము అయితే మొత్తం పట్టి కొంచెం ఖాళీ ఉంటుంది. డ్రమ్ముకి చక్రాల స్టాండ్ పెట్టి ఆ 14 అంగుళాల లోతున్న కింది అరకి పక్కన చోటు వదిలేయండి, పైన పలక అక్కర్లేదు, మూత తీసి గిద్దతోనో గ్లాసుతోనో కొలుచుకోవడానికి వీలుగా. కొలిచే బటన్ ఉన్న గోడ డిస్పెన్సర్‌లు వద్దు, అడుగున బియ్యం ఇరుక్కుంటుంది, పురుగు పడితే కడగడం నరకం.

గట్టు పైన అరలు 12 అంగుళాల లోతు చాలు, పెద్ద కంచాలు పడుకోబెట్టే ఇల్లయితే 14. గట్టు నుంచి పై అరల కింది అంచు దాకా 22 అంగుళాలు వదిలితే మిక్సీ పెద్ద జార్‌తో సహా కింద నిలబడుతుంది. మిక్సీని రోలింగ్ షట్టర్ వెనక దాచడం ఎందుకు? రోజుకి రెండుసార్లు వాడేదాన్ని దాస్తే షట్టర్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆ డబ్బు తగ్గించేయండి. గ్రైండర్ మాత్రం గట్టు మీద ఒక మూల శాశ్వతంగా ఉండాలి, లేదంటే కింది డ్రాయర్ స్థానంలో లాగే పలక మీద. వారానికి ఒకసారి పిండి రుబ్బే బరువైన రాయిని ఎత్తి దింపాలంటే చివరికి బయట పిండి ప్యాకెట్టు కొనడం మొదలవుతుంది.

సజ్జలకి షట్టర్లు వేయించండి, పండగ సామాను, ఖాళీ డబ్బాలు, తేలికైన వెడల్పు గిన్నెలు. లోపల నేల మీద పలకలూ సన్‌మైకా ఏమీ అక్కర్లేదు, తెల్ల సున్నం చాలు. అక్కడ డిజైనర్ ప్లై వేసి ఉంటే కొటేషన్‌లోంచి కొట్టేయించండి.

కడప రాళ్ల సంగతి. రెండు రాళ్ల మధ్య 24 అంగుళాలు ఉంటే, పాత రాళ్లు ఉంచి మధ్యలో డ్రాయర్ పెట్టె దూర్చితే, పెట్టె పలకలకి ఒకటిన్నర, చానెల్స్‌కి 1, డ్రాయర్ పక్కలకి 1, మొత్తం మూడున్నర పోయి చేతికి 20న్నర మిగులుతుంది. పైగా ఆ రాళ్లు గునియాలో (సరిగ్గా నిట్టనిలువుగా) ఉండవు, పైన 24 ఉంటే కింద 23న్నర ఉంటుంది, కార్పెంటర్ తక్కువ కొలతకి కోస్తాడు. పైన చెప్పిన 3 అడుగుల డ్రాయర్ కావాలంటే పొయ్యి పక్క రాళ్లు తీయించక తప్పదు. కానీ మొత్తం పీకక్కర్లేదు. సింకు కింద, మూల దగ్గర రాళ్లు అలాగే ఉంచండి, నీళ్లు తగిలినా రాయికి ఏమీ కాదు, ప్లైకన్నా నయం, వాటికి షట్టర్ ఫ్రేమ్ ఒకటి బిగిస్తే సరిపోతుంది. గ్రానైట్ ఆ నిలువు రాళ్ల మీదే కూర్చుని ఉంటుంది కాబట్టి ఏ రాయి తీసినా ముందు మేస్త్రీని పిలిచి కింద ఆధారం పెట్టించాకే తీయించండి, కార్పెంటర్ తానే సుత్తి తీసుకుని మొదలుపెడితే ఆపండి.

చెక్క విషయంలో గట్టు కింద పెట్టెలకి ఐఎస్ 710 ముద్ర ఉన్న, తడి తట్టుకునే ప్లై అడగండి, పలక మీద ఆ నంబరు మీ కళ్లతో చూశాకే కోయనివ్వండి. గట్టు పైన అరలకీ ఎదురు గోడకీ అంత ఖరీదైనది అక్కర్లేదు, తడి తగలదు కాబట్టి మామూలు వాడకానికి చేసే ఐఎస్ 303 ప్లై చాలు. మామూలు ఎమ్‌డీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసిన పలక) వంటింట్లో ఎక్కడా వద్దు. కోసిన ప్రతి అంచుకీ, కనిపించని వెనక అంచుకి కూడా, పట్టీ వేయాలి. తేమ, చెద దూరేది అక్కడి నుంచే.

కొటేషన్ దగ్గరికొస్తే, చదరపు అడుగు లెక్కన ఇచ్చిన రేటులో షట్టర్ వేసిన అరకీ మూడు డ్రాయర్ల పెట్టెకీ ముందు వైశాల్యం ఒకటే, ఖర్చు మాత్రం చాలా తేడా. అందుకే చాలామంది తక్కువ రేటు చెప్పి షట్టర్లతో నింపేస్తారు, డ్రాయర్ అడిగితే హార్డ్‌వేర్ అదనం అంటారు. ఎన్ని డ్రాయర్లు, ఒక్కోటి ఎంత వెడల్పు, ఎన్ని కిలోల చానెల్, ఏ ప్లై ఎక్కడ, ఈ నాలుగూ పెట్టెవారీగా రాసి ఇవ్వమనండి. మ్యాజిక్ కార్నర్, బాటిల్ పుల్ ఔట్, రోలింగ్ షట్టర్, బాస్కెట్లు, సజ్జలో ప్లై తీసేస్తే మిగిలే డబ్బు పొయ్యి పక్క డ్రాయర్లకీ ఎదురు గోడ అరకీ చాలావరకు సరిపోవాలి. పని మాత్రం పచ్చళ్ల సీజన్‌లో పెట్టుకోకండి, మే నెలలో వంటిల్లు లేకుండా మామిడికాయలు తెచ్చుకుని ఎక్కడ కొడతారు.

ఒక్కటి మీరు రాయలేదు, ఫ్రిజ్ ఎక్కడ పెడతారో, దాని తలుపు ఎటు తెరుచుకుంటుందో. అది ఎదురు గోడకే వస్తే నేను చెప్పిన నిలువు అర పొడవు రెండున్నర అడుగులు తగ్గుతుంది, బియ్యం డ్రమ్ము యుటిలిటీ తలుపు పక్కకి జరపాల్సి వస్తుంది. ఆ గోడ మొత్తం పొడవు, యుటిలిటీ తలుపు ఏ మూలన ఉంది, స్విచ్ బోర్డు ఎక్కడుంది, ఈ మూడు కొలతలు పెట్టండి, అరలు ఎలా పంచుకోవచ్చో చెబుతాను.